అప్పగింతల రికార్డు

బీరయ్య మళ్లీ ముల్లు మార్చాడు. రికార్డు ఒక వైపు పాడటం అయిపోగానే ముల్లు మార్చాలి, లేకపోతే పాట గీరుకుపోతుంది. పోలీసు చర్య జరిగిన ఏడాది పెళ్లిళ్లకు మైకుసెట్టు పెట్టే ఈ పనిలో చేరాడు; పద్నాలుగేళ్లుగా ముళ్లు మార్చి మార్చి అతని వేలికొన మొద్దుబారింది. మైకు మోతకు ఎడమ చెవి ఎప్పుడో పోయింది. అందుకే ఎప్పుడూ మెడ ఒక పక్కకు వాల్చి, కుడి చెవి ముందుకు పెట్టి ఉంటాడు.

నవాబుపేటలో పెళ్లి. వేపకొమ్మకు కట్టిన బాకాలో కొత్త సినిమా పాటలు మోగుతున్నాయి. మగపెళ్లివారి హుకుం అది. బీరయ్యకు ఆ పాటలంటే ఒళ్లుమంట. "గివి పాటలా? ఒకటే ఉరుకుడు. మనిషి ఊపిరి తీసుకున్నది ఇనబడాలె గద" అని తనలో తాను గొణుక్కున్నాడు.

అతని పాటలు వేరు. నాటకాల కాలం నాటివి. వాటిలో ఒక రికార్డు మీద పేరు కాగితం అరిగిపోయింది, పాడిన ఆమె ఎవరో కూడా తెలియదు. బీరయ్య దాన్ని అప్పగింతలప్పుడే పెట్టేవాడు. వికారాబాదు చుట్టుపక్కల ఏ ఊళ్లో ఆ గొంతు వినబడినా పెళ్లికూతురు గడప దాటుతోందని అర్థం. ఆడవాళ్ల చేతులు వాటంతట అవే కొంగు అందుకునేవి.

ఈ ఉదయం వికారాబాదులో బండికి సామాను ఎత్తుతుంటే యజమాని కైలాసం వచ్చాడు. "బీరయ్యా, రేపు కొత్త మిషన్ వస్తున్నది. గీ పాత రికార్డులు కంపెనీకి పంపుతున్న, కరగబెడతరట. నువ్వు గూడ ఇంటికాడ జర ఆరాం తీస్కో" అన్నాడు. మంచిగానే అన్నాడు పాపం. ఇంట్లో ఎవరూ లేని మనిషి ఆరాం తీసుకుని ఏం చేస్తాడో ఆలోచించలేదు.

అప్పగింతలప్పుడైనా ఆ పాట వినవచ్చు అనుకున్నాడు బీరయ్య. కానీ పెళ్లికొడుకు తండ్రి భీమయ్య, సాగనంపేటప్పుడు కూడా హుషారు పాటే పెట్టాలని గట్టిగా చెప్పాడు.

ముహూర్తానికి ఇంకా గంట ఉంది. అందరూ లోపల హడావిడిలో ఉన్నారు. ఇప్పుడు వినకపోతే ఇక ఈ జన్మకు వినలేనని బీరయ్యకు దుఃఖం పొంగుకొచ్చింది. మోత తగ్గించి ఆ రికార్డు పెట్టాడు. బాగా తగ్గించానని అతనే అనుకున్నాడు.

పెళ్లికూతురి తల్లి ఈశ్వరమ్మ చేతిలోని పసుపు గిన్నె జారిపోయింది. జడ సగం అల్లిన కూతురు వసంతను కావలించుకుని బావురుమంది. లోపలి ఆడవాళ్లంతా ఏడుపు అందుకున్నారు.

భీమయ్య పందిట్లోంచి ఉరికి వచ్చాడు. "ఏం మనిషివయ్యా! పుస్తె కట్టకముందే పిల్లను సాగనంపుతవా? అపశకునం గాదా?"

"తప్పయింది పటేలా." బీరయ్య ముల్లు ఎత్తాడు. రికార్డును అట్టలో పెట్టి, లేచి బండి వెనక్కి పోయి కూర్చున్నాడు. కొత్త పాటలు పెట్టే పని పెళ్లివారిలో ఎవరో చూసుకున్నారు.

పుస్తె కట్టడం సవ్యంగానే అయింది. పొద్దు వాలుతుండగా వసంత గడప దగ్గర నిలబడింది. హుషారు పాట హోరెత్తుతోంది. ఎవరికీ ఏడుపు రావడం లేదు. తల్లీకూతుళ్లు ముఖాలు చూసుకుంటూ నిలబడ్డారు.

"గా పాట పెట్టమనుండ్రి అన్నా," ఈశ్వరమ్మ భీమయ్యను బతిమాలింది. "నా బిడ్డ గిట్లనే పోతదా?"

భీమయ్య మెత్తబడి తానే బండి వెనక్కి వెళ్లాడు. బీరయ్య చక్రానికి ఆనుకుని ఉన్నాడు, కుడి చెవి పందిరి వైపుకు పెట్టి. భీమయ్య అతని భుజం తట్టాడు. ఒళ్లు చల్లగా తగిలింది. తన అరుపు గుర్తొచ్చి భీమయ్య కాసేపు అక్కడే కూలబడ్డాడు.

తిరిగి వచ్చి, "పాట దొరుకుతలేదు చెల్లె" అన్నాడు. పిల్ల బండి ఊరు దాటేదాకా బీరయ్య పోయిన మాట ఎవరికీ చెప్పలేదు. వసంత ఆ హుషారు పాటతోనే వెళ్లిపోయింది.

వెనక ఆగిపోయిన భీమయ్య అప్పుడు చెప్పాడు. ఈశ్వరమ్మ చతికిలబడి, పగలు ఏడ్చినదాని కంటే ఎక్కువగా ఏడ్చింది. "పొద్దటి సంది బీరయ్యన్న ఏం తినలే" అంది. పొయ్యి పక్కన ఆమె అతని కోసం ఎత్తిపెట్టిన అన్నం ఉంది. మీద బోర్లించిన ఇస్తరాకు గాలికి లేవకుండా ఒక తాండూరు బండముక్క బరువుగా పెట్టి ఉంది.