చేదు ఉప్పు గోడ

రోజూ పొద్దున్నే మేస్త్రీ గానిమ్ గాడిదను తోలుకుని ఉప్పు చెరువుకి పోయేవాడు. ఒడ్డున గడ్డకట్టిన ఉప్పును గొడ్డలితో కొట్టి రాళ్ళు తీసి, ప్రతి రాయికీ నాలుక తగిలించి చూసేవాడు. ఉప్పగా ఉంటే గాడిద మీదికి, చేదుగా ఉంటే చెరువులోకి. తిస్రా అనే ఆ ఊళ్ళో ఇళ్ళన్నీ ఆ ఉప్పురాళ్ళూ బురదా కలిపి కట్టినవే. మంచి రాయి ఎండకి ఇనుములా గట్టిపడుతుంది. చేదు రాయిది తాగుబోతు బుద్ధి. గాలిలో తడి తాగి తాగి చివరికి తనే నీళ్ళైపోతుంది. అందుకే అక్కడ మేస్త్రీకి చేతికన్నా నాలుక ముఖ్యం.

మాట కూడా తడిగాలే కాబట్టి గోడలు దాన్నీ తాగేవి. మంచు పట్టిన రోజున చెమర్చి, ఒకటో అరో మాట వదిలేవి. ఎప్పుడో పోయిన మామగారు గోడలోంచి చెప్పుల కోసం కేకేస్తే, కోడలు "ఇక్కడే ఉన్నాయి మామా" అని తన పని తను చూసుకునేది. పక్కింటి గోడ ఏం వాగినా విననట్టుండటం మర్యాద.

పోయిన చలికాలం జ్వరం తగిలి గానిమ్ నాలుక చచ్చిపోయింది. తేనె పెట్టినా మట్టి పెట్టినా ఒకటే. పెళ్ళానికి కూడా చెప్పలేదు. నాలుక పోయిన మేస్త్రీని పనికి పిలిచేదెవరు? రాయి నాకడం మాత్రం మానలేదు. నాకి, ఏదో తేల్చుకున్నట్టు మొహం పెట్టి, దేవుడి మీద భారం వేసి అటో ఇటో పడేసేవాడు. ఎండాకాలం మొదలవక ముందు, ఆలివ్ గానుగ నడిపే ముబారకా అత్త ఇంట్లో పిల్లల కోసం ఒక గదిని కూడా అలాగే కట్టాడు. చివరి వరస పెట్టేటప్పుడు భయం ఆపుకోలేక, చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, గోడకి మొహం ఆనించి ఉన్నదంతా చెప్పుకున్నాడు.

తిస్రాలో ఒక కట్టుబాటుంది. గోడ కూలకముందే మేస్త్రీ తనంతట తనే నోరు తెరిచి తప్పు ఒప్పుకుంటే, ఊరంతా చెయ్యి వేసి మళ్ళీ కట్టిస్తుంది, ఆ మాట ఇంకెవరూ ఎత్తరు. కూలాక ఒప్పుకుంటే అతను జన్మలో తాపీ పట్టకూడదు. గానిమ్ మింగలేక కక్కలేక వేసవంతా రేపంటే రేపని గడిపాడు. పొడిగాలికి గోడ కూడా ఊరుకుంది.

ఖర్జూరాలు కోసే రోజుల్లో చెరువు మీంచి పొగమంచు దిగింది. ముబారకా కబురు పంపింది. గానిమ్ వెళ్ళేసరికి గోడ మొదట్లో నీళ్ళు మడుగు కట్టి ఉన్నాయి. ఆమె కొడుకు షుక్రీ నడుం మీద చేతులు పెట్టుకుని చూస్తున్నాడు. పక్కన ఇద్దరు పొరుగువాళ్ళు. చెప్పాల్సిన సమయం అదేనని గానిమ్‌కి తెలుసు. నోరు తెరిచాడు.

"ఈ ఏడు మంచు ఎక్కువగా ఉంది," అన్నాడు. తన మీద తనకే అసహ్యం వేసింది.

గోడ మీంచి ఒక చుక్క జారింది. "నా నాలుక చచ్చిపోయింది," అంది, అచ్చం గానిమ్ గొంతుతో. వెనకే ఇంకోటి జారింది. "ఏది చేదో తెలీకుండానే కట్టేశాను. చెప్పడానికి ధైర్యం చాలట్లేదు."

పొరుగువాళ్ళు మర్యాదగా ఆకాశం కేసి చూశారు. షుక్రీ మాత్రం ఊరుకోలేదు.

"చెప్పింది గోడ, ఇతను కాదు. కట్టుబాటు చెల్లదమ్మా."

"గొంతెవరిదిరా?" అంది ముబారకా.

"ఇతనిదే."

"గోడ నిలబడుందా, పడిందా?"

"నిలబడే ఉంది."

"ఇంకేం మరి. వీడు ఎప్పుడో చెప్పాడు, గోడ ఇప్పుడు అందించింది." ఆమె గానిమ్ వైపు తిరిగింది. "ఏరా, ఆ మాటలు నీవేనా?"

"నావే అత్తా," అన్నాడు గానిమ్.

అది నోటినుంచి బయటపడగానే అక్కడే గోడ పక్కన కూర్చున్నాడు. ఏడుపొచ్చేసింది. పోయిన ప్రాణం తిరిగొచ్చినట్టయింది.

ముబారకా పక్కనే కూర్చుని అసలు సంగతి చెప్పింది. గదికి కప్పు వేసిన రోజున పొరపాటున టీలో చక్కెర బదులు ఉప్పు పడిందట. తాగినవాళ్ళంతా ఉమ్మేస్తే గానిమ్ రెండో గ్లాసు అడిగాడట. ఆ రోజు నుంచి ఆ గదిలో పిల్లల్ని అడుగు పెట్టనివ్వలేదట.

"మరి అప్పుడే అడగలేదేం అత్తా?"

"అడిగితే నేను పట్టుకున్నట్టవుతుంది, నువ్వు చెప్పినట్టవదు. నీ పని పోయేది," అంది. తర్వాత అతని వీపు మీద ఒక్కటి చరిచింది. "నలభై ఏళ్ళు ఆలివ్ చేదు చూసిన నాలుక నాది. ఇకనుంచి నీ రాళ్ళు నేను నాకుతాను. నువ్వు కట్టు."

మధ్యాహ్నానికి ఊళ్ళో మగవాళ్ళు తట్టలూ పలుగులూ పట్టుకుని వచ్చారు. ఎవరూ గానిమ్‌ను ఏమీ అడగలేదు. షుక్రీ పలుగు భుజాన వేసుకుని అతని ముందుకొచ్చి నిలబడ్డాడు.

"ఏ మూల నుంచి మొదలుపెట్టమంటావు, మేస్త్రీ?" అన్నాడు.