మూడో బెల్లు

"ఇందులో త్యాగమూర్తులు ఎవరైనా ఉంటే ఒక్కరు దిగండి," అన్నాడు లిఫ్టతను, కటకటాల తలుపు చేత్తో ఆపి పట్టుకుని. తొమ్మిదిమంది ఎక్కారు. లోపలి ఇత్తడి రేకు మీద 'ఎనిమిది మంది, 544 కిలోలు' అని చెక్కి ఉంది. పదహారేళ్లుగా ఆ రేకును రోజూ తుడిచేది అతనే. ఆస్పత్రికి వచ్చినవాళ్లలో ఎవరి తొందర వాళ్లది; ఎవరూ కదల్లేదు. చివరికి పళ్ల సంచీ పెద్దాయన గొణుక్కుంటూ దిగాడు.

"ఇప్పుడే వచ్చేస్తా బాబాయిగారూ, మీకోసమే వస్తా," అంటూ తలుపు లాగాడు.

బక్కపలచని మనిషి. ఖాకీ చొక్కా కుడిచేతి అంచుకి తలుపు జిడ్డు ఎన్ని ఉతుకులకీ పోదు. అతని రాజ్యమల్లా నాలుగు అంతస్తులు, ఒక చెక్క స్టూలు, తిరగని ఫ్యాను. స్టూలుకి ఒక కాలు పొట్టి. దానికింద అట్టముక్క మడిచి పెట్టుకున్నాడు. ఎక్కినవాళ్లు పైకప్పు చూస్తారు, కాళ్లు చూసుకుంటారు, అతన్ని మాత్రం చూడరు. అతను జోకు వేస్తే స్టూలు మాట్లాడిందేమో అన్నట్టు ఉలిక్కిపడేవాళ్లూ ఉన్నారు. అయినా వేస్తూనే ఉంటాడు, నోరు ఊరుకోక.

మూడో అంతస్తులో పసిపిల్లల ఐసీయూ. అక్కడ నాలుగో గాజుపెట్టెలో అతని కూతురు ఉంది. పెళ్లయిన పదకొండేళ్లకి, రెండున్నర నెలలు ముందే పుట్టింది. ఇవాళ్టికి ఇరవైమూడు రోజులు. తల్లిదండ్రుల్ని సాయంత్రం అరగంటే లోపలికి రానిస్తారు. లిఫ్టతనికైనా నియమం నియమమే. రోజుకి యాభై అరవైసార్లు ఆ అంతస్తులో ఆగి, తెల్ల తలుపుకేసి చూస్తూ, "మూడో అంతస్తు, దిగేవాళ్లు దిగండి," అని అరిచి వెళ్లిపోతాడు. ఇంత దగ్గరగా ఉండి ఇంత దూరమవడం అతనికి కొరుకుడు పడలేదు.

పిల్లను ఇంకా ఇద్దరూ ఒక్కసారైనా ఎత్తుకోలేదు. కిలో తూగిన రోజు తల్లి గుండెల మీద పడుకోబెడతానని పెద్ద సిస్టరు మాటిచ్చింది. ఇవాళ పొద్దున తొమ్మిదివందల ఎనభై. పదహారేళ్లుగా అరటన్ను చొప్పున మనుషుల్ని పైకి మోసినవాడికి ఇప్పుడు ఇరవై గ్రాములు కొండయి కూర్చున్నాయి.

ఇంకొకటి ఉంది. ఎవరికైనా లిఫ్టు కావాలంటే ఒక బెల్లు కొడతారు. తొందరుంటే రెండు. మూడో అంతస్తునుంచి మూడు బెల్లులు వస్తే మాత్రం అర్థం ఒక్కటే: ఎవర్నీ ఎక్కించుకోకుండా ఖాళీగా రా. ఒక బిడ్డ పోయింది, ఆ తల్లిని పదిమంది కళ్లు పడకుండా కిందికి దించాలి. ఆ ఏర్పాటు పెద్ద సిస్టరుదే. అలాంటప్పుడు అతను గోడవైపు తిరిగి నిలబడేవాడు. ఈ ఇరవైమూడు రోజులూ, మూడో అంతస్తు బెల్లు మోగితే చాలు, మూడోది రాదని తేలేదాకా అతనికి ఊపిరి ఆడేది కాదు.

పదకొండింటికి భార్య వచ్చింది. పైన పిల్లలున్న తల్లులకు కింద హాల్లో మంచాలు వేశారు. కుట్ల మీద చెయ్యి పెట్టుకుని మెల్లగా నడిచొచ్చి, 'నాలుగు' అని కాగితం అంటించిన చిన్న సీసాలో పిల్లకి పిండిన పాలు అందించింది.

"పద్దెనిమిది మిల్లీలండీ."

"అబ్బో! ఇలా పెడితే మీ అమ్మాయి రేపు నా లిఫ్టులో పట్టదు."

"నవ్వించకండి, కుట్లు లాగుతాయి." నవ్వింది. "సిస్టర్ని అడక్కూడదూ? ఇరవై గ్రాములేగా..."

"అడిగితే పెరుగుతుందా? తిన్నావా నువ్వు?"

"ఏమయ్యా, కదులుతావా?" అన్నారెవరో లోపల్నుంచి. వాళ్ల కాపురమంతా ఈమధ్య అంతే.

చల్లారకుండా సీసాని చొక్కా జేబులో పెట్టుకున్నాడు. మొదటి అంతస్తు దాటుతుండగా మూడోదాన్నుంచి బెల్లు మోగింది. ఊపిరి బిగపట్టాడు. రెండోది మోగింది. ఎదురుచూశాడు. మూడోది రాలేదు. ఎవరో తొందర మనిషి అనుకుని ఊపిరి వదిలాడు.

రెండో అంతస్తులో తలుపు తీసేసరికి పెద్ద సిస్టరు మెట్లు దిగుతూ కనిపించింది. మోకాళ్ల నొప్పుల మనిషి. లిఫ్టు చెడితే బాగయ్యేదాకా బల్ల మీద కూర్చునేదే తప్ప మెట్ల జోలికి పోయేది కాదు. అలాంటిది కమ్మీ పట్టుకుని, ఒక్కో మెట్టు మీద రెండు కాళ్లూ ఆనించి దిగి, వచ్చి అతని ఎదురుగా నిలబడింది.

"రెండు కొట్టానయ్యా," అంది రొప్పుతూ. "మూడోది కొట్టలేకపోయాను."

లిఫ్టులో ఎవరో దగ్గారు.

"పొద్దున బాగానే ఉంది. పదిన్నరకి ఊపిరి ఆగింది. డాక్టరుగారు చాలాసేపు చూశారు."

అతను తలూపాడు. లోపలివాళ్లకేసి తిరిగి, "దిగండి. అందరూ దిగండి," అన్నాడు. అతని మొహం చూసి అందరూ దిగిపోయారు.

ఖాళీ లిఫ్టుతో కిందికి వెళ్లి హాలు గుమ్మంలో నిలబడి భార్యను పిలిచాడు. ఆమె కుట్లు మర్చిపోయి గబగబా వచ్చింది.

"పిలిచారా? చేతికిస్తామన్నారా?"

అబద్ధం చెప్పడం అతనికి రాదు. నిజం నోటికి రాలేదు.

"ఇస్తారు," అన్నాడు.

మూడో అంతస్తునుంచి దిగేటప్పుడు అతను గోడవైపు తిరగలేదు. తెల్లగుడ్డలో చుట్టిన పిల్లను ఆమె ఎంతసేపో గుండెకి హత్తుకుని, "మీరూ ఒకసారి ఎత్తుకోండి," అంది. చేతుల్లోకి తీసుకోబోతే జేబులో సీసా అడ్డం వచ్చింది. పిల్లకి గుచ్చుకుంటుందని దాన్ని తీసి స్టూలు మీద పెట్టాడు. పిల్ల బరువేమీ తెలియలేదు. అదే అతన్ని కుంగదీసింది. కింద తలుపు తీసి ముగ్గురూ బయటికి నడిచారు. పళ్ల సంచీ పెద్దాయన ఎందుకోగాని పక్కకి తప్పుకుని దారిచ్చాడు.

తెరిచిన లిఫ్టులో బెల్లు ఒకసారి మోగింది, మళ్లీ మోగింది. స్టూలు మీద నాలుగో నంబరు సీసా, అందులో పద్దెనిమిది మిల్లీల పాలు, ఇంకా గోరువెచ్చగానే ఉన్నాయి.