విడతల తోట

ముల్లంగి మొలకలు ఇంత ఒత్తుగా వచ్చాయంటే గింజ చల్లిన రోజు నా చెయ్యి నా అదుపులో లేదన్నమాట, పల్చన చెయ్యాలి, సగానికి సగం పీకి పారెయ్యాలి, పీకేటప్పుడు పక్క మొలకకి తెలియకూడదు, వేరు కదలకూడదు, రెండు వేళ్ళతో మెడ దగ్గర పట్టుకుని మెల్లగా, ఇదిగో ఇలా, మొక్కకి మెడేమిటి నా మొహం, పొద్దుట్నుంచీ నోటికి ఇలాంటి మాటలే వస్తున్నాయి, బస్సు దిగుతుంటే మా ఆడపడుచు నా కొంగు పట్టుకుని, వదినా, నన్ను టీకి పిలిచారు అన్న దగ్గర్నుంచీ ఇంతే, మా బూట్ల ఫ్యాక్టరీలో టీ అంటే ఏమిటో ఊడ్చే మనిషికి కూడా తెలుసు, మేడమీద ఆఫీసులో పింగాణీ కప్పులో, సాసరుతో సహా, తన చేత్తో పోసి ఇస్తాడు మా మేనేజరు నవ్వుల సారు, ఆ టీ తాగి దిగినవాడు మళ్ళీ మిషను ముందు కూచున్నది లేదు, కూచోడానికి కుర్చీ కూడా ఉండదు, మెట్లు దిగేలోగా తీసేస్తారు, మావాళ్ళ సరదాలు కూడా అలాగే తగలడ్డాయి, ఎవడైనా మొహం వేలాడేసుకుని కనిపిస్తే ఏరా, టీ గానీ తాగొచ్చావా అంటారు, పకపకా నవ్వుతారు, నవ్వుతూనే మెట్లవైపు చూస్తారు.

ఇంకా దిగలేదు పిల్ల, ఇక్కణ్ణుంచి ఆఫీసు కిటికీ కనిపిస్తుంది గానీ లోపల మనుషులు కనిపించరు, అద్దంలో ఆకాశం ముక్క ఒకటి, అంతే, నాకిక్కడ కనిపించే ఆకాశం కూడా అంతే, ఇటు గోడౌను గోడ, అటు బాయిలరు గోడ, వెనక గేటుకి తాళం, మధ్యన సిమెంటు నేల మీద పాత చెక్కలు కొట్టి చేసిన ఎత్తు మడులు, మోకాటి ఎత్తు పెట్టెలు, ఎక్కడి మట్టో లారీలో తెచ్చి నింపారు, మంచి మట్టే, కాదనను, ఏం వేసినా వస్తుంది, కాకపోతే వేరు దిగుతుంది దిగుతుంది, అడుగున చెక్క తగులుతుంది, ఇక దారి లేదని తెలిసి తన చుట్టూ తనే చుట్టుకుంటుంది, టమాటా మొక్క పీకినప్పుడల్లా చూస్తాను ఆ ఉండని, చూసి దులిపేసి పక్కన పడేస్తాను, ఎక్కువసేపు చూడను, ఎందుకు చూడనో నాకు తెలుసు.

ఇవాళ నాలుగో మడిలో బీన్సు గింజ పడాలి, జేబులో ఉన్నాయి గింజలు, అన్నీ ఒకేసారి వేస్తే అన్నీ ఒకేసారి మీద పడతాయి, తినలేక చస్తాం, ఆ తరవాత ఉత్త మట్టి చూసుకుంటూ కూచుంటాం, అందుకే విడతలు, ఒక మడి పీకుతుంటే ఒకటి కోతకి రావాలి, ఒకటి పిందె మీదుండాలి, ఒకటి మొలకెత్తాలి, ఏ రోజూ పెరడు బోసిపోకూడదు, ఈ విద్య నాకు ఏ బళ్ళోనూ చెప్పలేదు, అసలు బడి నన్ను ఎరగదు, చెడిపోయినవి చెడగా నేర్చుకున్నాను, నన్నిక్కడ వెయ్యకముందు నాకు తెలిసిందల్లా తోలు కుట్టడమే, మూడో లైనులో, మా ఆడపడుచు ఎదురు కుర్చీలో, ఒకరోజు దాని వేలిలోంచి సూది దిగిపోయి వేలూ తోలూ కలిపి కుట్టేసింది, అది అరవలేదు, నోరు తెరిచి నావైపు చూసింది, అరిచింది నేను, స్టూలెక్కి ఆపండర్రా, అన్నీ ఆపండి అని అరిచాను, ఆగాయి, కుట్టు మిషన్లూ, అచ్చు మిషన్లూ, కటింగులో మా ఆయన చేతిలో కత్తి కూడా, అంత పెద్ద షెడ్డులో ఒక్కసారి ఎంత నిశ్శబ్దం, ఆ నిశ్శబ్దం నేను ఇప్పటికీ రాత్రిళ్ళు నెమరేసుకుంటాను, సాయంత్రానికల్లా ప్రతి సూదికీ అడ్డురేకు వచ్చింది, ఏళ్ళ తరబడి బతిమాలితే రానిది, మర్నాడు నవ్వుల సారు నన్ను పిలిచి, అమ్మా, మీకు మొక్కలంటే ఇష్టమటగా అన్నాడు, నేనెప్పుడన్నాను, ఎవరితో అన్నాను, అయినా తల ఊపాను, నోట్లో మట్టి కొట్టడం పాతకాలం పద్ధతి, ఈయన నా చేతికే మట్టి ఇచ్చాడు, అందరూ అదృష్టవంతురాలివి అన్నారు, ఎండా నీడా చూసుకోవచ్చు, సూపర్‌వైజరు లేడు, తోటమ్మా అని పేరు కూడా పెట్టారు, నేను మురిసిపోయాను, సిగ్గులేకుండా మురిసిపోయాను.

ఇందాక మా ఆయన నీళ్ళ సీసా నింపుకునే వంకతో వచ్చి, కుళాయి విప్పి, ఆ చప్పుడు చాటున, ఏమే, నువ్వు అరిచి ఏదో చేద్దామనుకుంటున్నావేమో, నోరు మూసుకుని మొక్కలు చూసుకో అన్నాడు, నీ చెల్లెలయ్యా అది అన్నాను, నాకు తెలీదా అన్నాడు, తెలిసే చెబుతున్నా, దానితో పోతుంది, మన ఇద్దరి వంతూ ఇంకా రాలేదు, వచ్చినప్పుడు చూద్దాం, సీసా నిండి నీళ్ళు చేతిమీద నించి పోతున్నాయి, ఆయన చూసుకోలేదు, పళ్ళు కొరుక్కుంటూ నేలకేసి చూస్తున్నాడు, ఆయనేమీ చెడ్డవాడు కాదు, భయస్థుడు, భయం కూడా ఆయన సొంతం కాదు, ఎవరో విత్తారు, ఆయన్ని అనడానికి నాకు మాత్రం ఏమంత మొహముందని, వంతు, వంతు, అందరి నోటా ఇదే మాట, మొదటి లైనులో కొందర్ని టీకి పిలిచినప్పుడు రెండో లైను అదే అంది, రెండో లైనుకి పిలుపొస్తే మూడో లైను తల దించుకుని కుట్టుకుంది, నేను ఇక్కడ ముల్లంగి పీక్కుంటున్నాను.

అమ్మా, బాగున్నారా, అదుగో, దిగాడు నవ్వుల సారు, బూటు చప్పుడు లేకుండా నడుస్తాడు, బూట్ల ఫ్యాక్టరీలో ఉండి, ఏం బూట్లో అవి, మడుల మధ్య పచార్లు చేస్తూ, ఎంత ముచ్చటగా ఉందమ్మా మీ తోట, రోజూ పీకుతూనే ఉంటారు, చూసేవాళ్ళకి మాత్రం ఎప్పుడూ నిండుగానే కనిపిస్తుంది, అదే పనితనమంటే అన్నాడు, నవ్వాడు, ఒక ముల్లంగి మొలక తీసి నోట్లో వేసుకుని నమిలాడు, ఘాటుగా ఉంది సుమా అన్నాడు, నా చెల్లెలు లాంటి పిల్లకి ఇప్పుడే టీ పోసి వచ్చిన చెయ్యి అది, నేనేమన్నాను, నేను నవ్వాను, నవ్వాను, నా మొహం తగలెయ్యా, ఆ నవ్వు నా పెదాల మీదుండగానే ఆ మాట లోపల దిగబడింది, రోజూ పీకుతూ ఉంటారు, ఎప్పుడూ నిండుగానే కనిపిస్తుంది, ఓరి దుర్మార్గుడా, మమ్మల్ని అందర్నీ ఒకేసారి పీకితే అంతా ఒకేసారి లేస్తామని, స్టూలు ఎక్కక్కర్లేకుండానే మిషన్లన్నీ ఆగుతాయని, అందుకని లైను తరవాత లైను, మడి తరవాత మడి, పక్క వేరు కదలకుండా, పీకినచోట కొత్త మొలకని కూచోబెట్టి, నాలుగో మడికి తను నాలుగోదని తెలియదు, తెలిసినా ఏం చేస్తుంది, పెట్టెకీ పెట్టెకీ మధ్య సిమెంటు.

వాడు పోయాక వచ్చింది పిల్ల, వెనక గేటు దగ్గర వాచ్‌మన్ తాళం తీసేదాకా ఇక్కడ నిలబడమన్నారట, ముందు గేటులోంచి పంపరట, అందరూ చూస్తారని, వదినా, చక్కెర ఎన్ని చెంచాలు అని అడిగాడు వదినా, మూడు అన్నాను, ఎటూ పోయేదాన్నే కదా, తీపిగానే పోదామని, అని నవ్వబోయి మొహం అటు తిప్పుకుంది, ఇటు రావే అని దగ్గరికి లాక్కున్నాను, నా మట్టి చేతులతో దాని చెయ్యి పట్టుకున్నాను, గోటి మీద ఆ సూది గాటు ఇంకా అలాగే ఉంది, ఏమన్నాడే అన్నాను, ఎవరితోనూ అనొద్దన్నాడు, అంటే అన్నయ్యకీ నీకూ ఇబ్బందట, నోరు మెదపకపోతే మీరిద్దరూ పదికాలాలపాటు ఉంటారట, మీకోసమే తాగాను వదినా ఆ టీ, ట్రేలో ఇంకా బోలెడు కప్పులు బోర్లించి ఉన్నాయి, ఇవాళ్టికివాళ అన్నీ మా లైనుకేనో ఏమో, ఒక్కొక్కళ్ళనీ విడివిడిగా పిలుస్తాడట, అన్నయ్యకి చెప్పకు, గోల చేస్తాడు అంది, గోలా, మీ అన్నయ్యా అని అనబోయి మానేశాను, చూడు, దీన్ని చూపించి ఆయన నోరు నొక్కారు, మమ్మల్ని చూపించి దీని నోరు నొక్కారు, తోటని చూపించి నా నోరు, ఎవరి పెట్టెలో వాళ్ళం, ఎవరి వేరు వాళ్ళకే చుట్టుకుని, ఏం చెయ్యను, షెడ్డులోకి పరిగెత్తి స్టూలెక్కనా, ఇప్పుడు నేను లోపలికి పోతే గేటుమనిషి ఆపుతాడు, తోటమ్మకి లోపలేం పని అంటాడు, నాకు దారి ఉన్నది ఒక్క క్యాంటీనుకే, గంప పట్టుకుని, ఒక్కో లైనుకీ విడిగా చెబుదామంటే ఒక్కో లైనూ విడిగా భయపడుతుంది, ఎటు తిరిగినా చెక్కే తగులుతోంది.

తోటమ్మా, ఓ తోటమ్మా, పాలకూర ఏదీ, నా గిన్నె అడుగంటుతోంది, క్యాంటీన్ కిటికీలోంచి ఉప్పయ్య కేక, వంటమనిషి అసలు పేరు ఎవరికీ గుర్తులేదు, ఉప్పు ఎక్కువేస్తాడని ఉప్పయ్య, వస్తున్నా బాబాయ్ అన్నాను, అలవాటుగా వంగి కత్తి తీశాను, పాలకూర మడి నిగనిగలాడుతోంది, కోతకి ఇదే అదను, ఈ తోట వచ్చాక బయట కూరగాయలు కొనడం మానేశారు, మన పెరటి కూర అని వచ్చిన పెద్దమనుషులకి గొప్పగా చూపిస్తారు, నా గంప వెళ్తేనే ఉప్పయ్య పొయ్యిమీద ఏదైనా ఉడుకుతుంది, ఉడికితేనే మొదటి గంటకి మొదటి లైను తిని లేస్తుంది, లేస్తేనే రెండో గంటకి రెండో లైను కూచుంటుంది, ముందు ఇలా లేదు, అందరం ఒకేసారి తినేవాళ్ళం, భుజాలు రాసుకుంటూ, ఒకడి గిన్నెలోది ఒకడు లాక్కుంటూ, సూదుల గొడవ తరవాతే క్యాంటీన్ ఇరుకుగా ఉంటోందని చెప్పి గంటలు వేరు చేశారు, బల్లలు ఒక్కటీ తగ్గలేదు, ఆ గది ఇప్పటికీ అందర్నీ పట్టగలదు, కత్తి ఆకుల మీద ఆగింది, ఆగింది, నేను ఆపలేదు, అదే ఆగింది.

కోయకపోతే. మొదటి లైను వచ్చి కూచుంటుంది, కూర లేదు, ఆకలి కడుపుతో ఉన్న మనిషిని ఏ గంటా బల్ల మీంచి లేపలేదు, రెండో లైను వస్తుంది, వీళ్ళు లేవలేదు, మూడోది వస్తుంది, అందులో లేని కుర్చీలు కనిపిస్తాయి, ఒకే గదిలో అందరూ లెక్కకి వస్తారు, ఎవరు లేరో అందరికీ ఒకేసారి కనిపిస్తుంది, నాలుగో లైనుతో కటింగువాళ్ళూ వస్తారు, వాళ్ళలో మా ఆయనా, మధ్య బల్ల మీద తన చెల్లెలు కూచుని ఉంటుంది, ఏమే, ఆ గేటు దగ్గర నిలబడకు, వాచ్‌మన్‌ని అక్కడే తల బాదుకోనీ, నువ్వు క్యాంటీన్‌కి పద, మధ్య బల్ల మీద కూచో, ఎవరేమడిగినా జరిగింది జరిగినట్టు చెప్పు, మూడు చెంచాల చక్కెర సంగతి కూడా చెప్పు అన్నాను, అది నా మొహంలోకి చూసింది, ఆ సూది దిగిన రోజు చూసినట్టే, ఈసారి నోరు మూసుకుని, తల ఊపి వెళ్ళింది, అన్నీ ఒకేరోజు విత్తితే గానీ ఒకేసారి చేతికి రావనుకున్నాను ఇన్నాళ్ళూ, తోటమ్మనట తోటమ్మని, అక్కర్లేదే పిచ్చిదానా, కోత ఆపితే చాలు, ముందు పండింది వెనక పండేదాని కోసం అలాగే నిలబడుతుంది, మొదటి గంట కొట్టారు, నేను పాలకూర మడి అంచు మీద కూచుని ఖాళీ గంప ఒళ్ళో పెట్టుకున్నాను, తోటమ్మా అని ఉప్పయ్య మళ్ళీ కేకేశాడు, వస్తున్నా బాబాయ్ అన్నాను, రెండో గంట కొట్టారు, వస్తున్నా అన్నాను, కదల్లేదు.