ముఖం ఎవరిదో వారి జవాబు

"సిలికానా, ఆ రెండో మెత్తటి రకమా, ఏది కడుక్కోవడం తేలిక?" అని మసానొరి అడిగినప్పుడు ఫుమియే అతని డబ్బాలో అన్నం సర్దుతోంది. పేపర్లోంచి తలెత్తకుండా, ఏ చొక్కా వేసుకోమంటావని అడిగినట్టే అడిగాడు.

"ఎవరికండీ?"

"మా ఆఫీసులో తొకుదా లేడూ, వాడికి. మీ ఆవిడ అక్కడే చేస్తుంది కదా, కనుక్కో అన్నాడు."

ఫుమియే పనిచేసేది పాత టోక్యోలో, సుమిదా నది పక్క సందులో, మగవాళ్ల కోసం నిలువెత్తు ఆడబొమ్మలు చేసే కార్ఖానాలో. పదకొండేళ్లుగా ఆర్డర్ల బల్ల ఆమెదే. ఇరుగుపొరుగు అడిగితే బట్టల కొట్లలో నిలబెట్టే బొమ్మల కంపెనీ అని చెప్పమన్నాడు మసానొరి, పరువు పోతుందని. ఆమె అలాగే చెబుతూ వచ్చింది. అంత పరువు గల మనిషి పొద్దున్నే మిసో పులుసు ఊదుకుంటూ ఈ ప్రశ్న వేస్తే ఆశ్చర్యం వేయకపోలేదు. కానీ అడిగితే చెప్పడం ఆమెకు అలవాటైపోయింది.

"సిలికానే మంచిది. వేడినీళ్లకు ఆగుతుంది, ముదురు రంగు బట్టలు తొడిగినా మరక పట్టదు. రెండోది చవక, పట్టుకుంటే ఇంకా మెత్తన. కానీ నూనె ఊరుతుంది. కడగాలి, ఆరబెట్టాలి, పౌడరు అద్దాలి. ఇంట్లో చేసేవాళ్లుంటే సరే."

"చేసేవాళ్లుండరు," అన్నాడు మసానొరి. పేజీ తిప్పి, "వాళ్లావిడ ఊరెళ్తోందిట," అని కలిపాడు.

ఆ జూన్ నెలంతా వానే. ఆరేసిన బట్టలు ఆరవు, ఇంట్లో చాపలు చెమ్మ వాసన. రోజుకో ప్రశ్న చొప్పున తొకుదా అవసరాలు పెరిగాయి. వేళ్లలో తీగ పెడితే కప్పు పట్టుకుంటాయా? పట్టుకుంటాయి, కానీ వంచగా వంచగా తీగ పొడుచుకొస్తుంది. లోపల వేడెక్కే ఏర్పాటు ఉంటుందా? ఉంటుంది, గంటలో ఒళ్లు వెచ్చబడుతుంది. "అది మంచిది," అన్నాడు మసానొరి. "చలికాలం నీ కాళ్లు తగిలితే ఐసుగడ్డ తగిలినట్టే ఉంటుంది నాకు." పంతొమ్మిదేళ్లుగా ఏటా ఒకసారైనా వింటున్న మాటే కాబట్టి ఫుమియే దాన్ని పట్టించుకోలేదు. ఆ కాళ్లు చల్లబడేది అతని స్నానం అయ్యాక నేల తుడిచి, మిగిలిన నీళ్లలో తను మునిగి లేచేసరికి అని చెప్పాలని ఒకటి రెండుసార్లు అనుకుంది. చెప్తే, "ఇప్పుడు నిన్నేమన్నానని?" అంటాడు. ఆ మాట విన్నాక తనే ఏదో తప్పు చేసినట్టు అనిపిస్తుంది. అందుకని మానేసింది. ఇలా మానేసినవి ఒక బీరువాకు సరిపడా ఉన్నాయి.

ఒక ఆదివారం, "కాస్త ఈ గుమ్మం పక్కన నిలబడు, కర్టెను కొలత చూడాలి," అన్నాడు. నిలబడింది. తల మీద చెయ్యి ఆనించి పెన్సిలు గీత గీశాడు. కర్టెను కొలతకు తన తలెందుకో ఆమెకు తోచలేదు. "భుజాలు దించు. ఊఁ, సరే, పో," అన్నాడు. గీత అలాగే ఉంది, కర్టెను మాత్రం రాలేదు.

ఇంకో రోజు అడిగాడు: "నిజం మనిషి ముఖం పెట్టమంటే పెడతారా?"

"పెడతారు. కానీ ఆ మనిషి ఒప్పుకున్నట్టు కాగితం కావాలి, దాని మీద ఆవిడ ముద్ర ఉండాలి. తర్వాత మేం స్వయంగా ఆవిడతో మాట్లాడాలి. ఏమందో ఆవిడ మాటల్లోనే రాసుకోవాలి. మా పెద్దాయన కురోసే గారి నియమం అది. వెనక ఎవడో విడిపోయిన భార్య ముఖం చేయించుకుపోయాడు, ఆవిడ వచ్చి గుమ్మంలో కూర్చుని ఏడ్చింది. అప్పటినుంచీ."

"మాట్లాడేది ఎవరు?"

"నేనే."

"అయితే ఇబ్బంది లేదు," అన్నాడు మసానొరి. ఫుమియే అతని గిన్నెలో ఇంకాస్త ముల్లంగి ఊరగాయ వేసింది.

కార్ఖానాలో ఎవరూ అమ్మాం అనరు, కాపురానికి పంపాం అంటారు. పెట్టెలో బొమ్మ పక్కన తలదువ్వెన, లోబట్టలు, కడుక్కునే విధానం రాసిన పుస్తకం పెట్టి, మూత వేసేముందు అందరూ ఒకసారి వంగి దణ్ణం పెడతారు. కొన్నవాడు ముసలివాడైపోయినా, మళ్లీ పెళ్లి చేసుకున్నా, బొమ్మను చెత్తలో వేయకుండా వెనక్కి పంపొచ్చు. దాన్ని పుట్టింటికి రావడం అంటారు. వచ్చినవాటికి ఏడాదికోసారి భిక్షువును పిలిచి మంత్రాలు చదివిస్తారు. ముఖాలకు రంగులు వేసే రిత్సు గారికి డెబ్బై దాటాయి. భర్త పోయాక కార్ఖానా మేడ మీది గదిలోనే ఉంటుంది. ఈ పుట్టింటి మాట ఎత్తి ఎప్పుడూ దెప్పుతూనే ఉంటుంది. "చూశావుటే ఫుమియే, వీటికైనా పుట్టిల్లుంది. నా పుట్టింట్లో ఇప్పుడు కార్లు నిలుపుతున్నారు." ఫుమియే నవ్వేది. ఆమె పుట్టిల్లు కూడా తండ్రి పోయాక కూలగొట్టేశారు. ఆ ఇంటినుంచి మిగిలిందల్లా సంతకానికి బదులు కాగితాల మీద వేసే ఒక చెక్క ముద్ర. మొదటి ఉద్యోగం వచ్చినప్పుడు తండ్రి చెక్కించి ఇచ్చాడు, ఇంటిపేరు లేకుండా ఉత్త ఫుమియే అనే పేరుతో. "రేపు పెళ్లయి ఇంటిపేరు మారినా ఇది మారదు, తల్లీ," అన్నాడు. ఒకసారి కింద పడి అంచు చిట్లింది. అప్పటినుంచి అది వేసిన ప్రతి ముద్రకీ ఎడమవైపు చిన్న ఖాళీ.

బుధవారం రాత్రి భోజనం దగ్గర, "రేపు మీ ఆఫీసుకు కవరొకటి వస్తుంది. చూసి ఆర్డరు వేసెయ్," అన్నాడు మసానొరి.

గురువారం వచ్చింది. పంపినవారి పేరు దగ్గర తొకుదా లేడు. తన ఇంటి చిరునామా, తన మొగుడి పేరు, గుండ్రటి అక్షరాలతో. ఫుమియే ఎవరైనా చూశారేమోనని అటూ ఇటూ చూసి కాగితాలు ఒళ్లోకి తీసుకుంది. నాలుగు పేజీలు. రోజుకు పది చూసే కాగితాలే, అయినా ప్రతి గడినీ కొత్తగా చదివింది. పదార్థం: సిలికాన్. ఎత్తు: నూటయాభైయారు సెంటీమీటర్లు. భుజాలు దించి నిలబడితే తన ఎత్తు అంతే. వేళ్లలో తీగ: కావాలి. లోపలి వేడి: కావాలి. మాట వినిపించే యంత్రం: అక్కర్లేదు. ముఖం: జతపరిచిన ఫొటోలో ఉన్నట్టు. పిన్ను పెట్టిన ఫొటోలో ఇరవై ఏడేళ్ల ఫుమియే లైబ్రరీ వాళ్లతో విహారానికెళ్లి, గాలికి ఎగిరే టోపీని పట్టుకుని నవ్వుతోంది. మచ్చలు: ఏవీ వద్దు. పుట్టుమచ్చ చెవికింద ఉంది, అది కూడా వద్దు అని పక్కన వేరే రాశాడు. కుడి మణికట్టు మీది కాలిన మచ్చ అత్తగారి స్నానానికి నీళ్లు మోస్తుంటే పడింది. దాని గురించి వేరే రాయలేదు, అతనికి గుర్తుండి ఉండదు.

జుట్టు అన్న గడి దగ్గర ఆమె వేలు ఆగిపోయింది. అసలు జుట్టు, కొనేవారే ఇస్తారు, నెలాఖరులో పంపబడును అని ఉంది. మొన్ననే కదా అన్నాడు, "ఈ నెలాఖరుకి జుట్టు పొట్టిగా కత్తిరించుకో, ముసలివాళ్ల దగ్గర అదే సౌకర్యం. పారేయకు, దాచు," అని. ఏ ముసలివాళ్లని అడిగితే, "మాటవరసకి," అన్నాడు. ఫుమియే చేతులు మాత్రం అలవాటు కొద్దీ తర్వాతి కాగితం తిప్పాయి. ఒప్పుకోలు పత్రం. కింద ఎర్రటి ముద్ర, ఎడమవైపు చిన్న ఖాళీ.

దాని వెనక ఇంకో కాగితం అంటుకుని ఉంది. అది కురోసే గారికి రాసిన ఉత్తరం. ఇంటి పరిస్థితుల దృష్ట్యా ఈ నెలాఖరుతో ఉద్యోగం మానుకుంటున్నాను, ఇన్నాళ్లూ ఆదరించినందుకు కృతజ్ఞతలు, ఇట్లు ఫుమియే. మళ్లీ అదే ముద్ర.

అది రెండోసారి. మొదటిసారి ఆమెకు ముప్పై ఏళ్లు. ఉత్తరాన అకితాలో అత్తగారు జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఒక సోమవారం ఫుమియే లైబ్రరీకి వెళ్లేసరికి ఆమె బల్ల మీద పువ్వులగుత్తి ఉంది. అందరూ చుట్టూ చేరి, మీరు వెళ్లిపోతున్నారుట, చాలా బాధగా ఉంది అన్నారు. రాజీనామా అప్పటికి మూడు రోజుల ముందే అందిందిట. ఇంటికొచ్చి అడిగితే మసానొరి నిజంగానే ఆశ్చర్యపోయాడు. "ఎలాగూ చేసేదే కదా, నీకు తిరిగే పని తప్పించాను," అన్నాడు. అకితాలో రెండేళ్లుంది. తెల్లవారుజామునే మంచు ఎత్తడం, అత్తగారిని లేపడం, పడుకోబెట్టడం. "మా వాడు మంచివాడు కాబట్టి నిన్నిలా నా దగ్గర వదిలాడు, ఇంకొకడైతే అసలే వదిలేసేవాడు," అనేది ఆవిడ. రెండేళ్లకు వెనక్కొస్తే లైబ్రరీలో ఆమె కుర్చీలో వేరే అమ్మాయి కూర్చుని ఉంది. ఇప్పుడు అత్తగారికి ఎనభై ఆరు. పొయ్యి ఆర్పడం మరిచిపోతోందని కొడుకు వారంవారం ఫోనులో వింటూనే ఉన్నాడు. చేసేవాళ్లుండరు అని ఆ పొద్దున మసానొరి అన్న మాట ఫుమియేకి అప్పుడు అర్థమైంది.

ఆ సాయంత్రం మసానొరి బూట్లు విప్పుతూనే అడిగాడు: "కవరు అందిందా?"

"అందింది."

"ఏం, అంతా సరిగ్గానే రాశానా? నువ్వు చెప్పినట్టే పెట్టాను అన్నీ."

"సరిగ్గానే ఉంది." అతను కూర్చున్నాక ఆమె చేప పళ్లెం ముందు పెట్టింది. "తొకుదా గారికన్నారు?"

"ముందే చెబితే నువ్వు రాద్ధాంతం చేస్తావని. నీ బొమ్మే కదా చేయించుకుంటున్నాను, ఇంకో ఆడదాన్ని తెచ్చానా? ఇంకొకత్తయితే సంతోషించేది." చేపముల్లు తీసి పళ్లెం అంచున పెట్టాడు. "అమ్మ దగ్గర ఎవరో ఒకరు ఉండాలి. నువ్వే కదా ఉండేది. ఇక్కడ ఇల్లు మరీ బోసిగా ఉంటే నాకు నిద్ర పట్టదు." జేబులోంచి రైలు టికెట్టు తీసి ఆమె గిన్నె పక్కన పెట్టాడు. జూలై ఒకటి, అకితా, పోను మాత్రమే.

"మళ్లీ రావడం?"

"అదప్పుడు చూద్దాం. ఇంతకీ ఆ ఫోను చేశావా? ముఖం ఎవరిదో వాళ్లకి?"

"రేపు."

"ఎవరికి చేస్తావే, పిచ్చిదానా!" అని పగలబడి నవ్వాడు మసానొరి. చాలా రోజుల తర్వాత ఇంట్లో అంత నవ్వు వినిపించింది. ఫుమియేకి భయం వేసింది. ఈ మనిషి తనను కొట్టలేదు, తిట్టలేదు. వేళ్లు, కాళ్లు, ముఖం, జుట్టు ఒక్కొక్కటే పక్కన పెట్టుకుంటూ వచ్చి, మిగిలిన భాగాన్ని రైలెక్కిస్తున్నాడు. అదంతా మంచి పనేననుకుంటున్నాడు. అందుకే భయం. గుమ్మం మీది పెన్సిలు గీత వంక చూడకుండా ఆమె గిన్నెలు తీసింది.

పొద్దున్న అతని డబ్బా సర్దింది. తర్వాత సొరుగు తీసి ముద్రను తన డబ్బా గుడ్డలో మూటకట్టుకుంది. టికెట్టు కూడా తీసుకుంది.

కార్ఖానాలో రిత్సు గారు ఒక కనురెప్పకు వెంట్రుకలు అంటిస్తోంది. ఫుమియే రాజీనామా ఉత్తరం ఆవిడ ముందు పెట్టింది.

"ఇదేమిటే? పోతున్నావా?"

"ముద్ర నాదే రిత్సు గారూ. ఉత్తరం నాది కాదు."

రిత్సు గారు ఉత్తరం వంకా ఆమె వంకా చూసింది. ఆ కాగితాన్ని రంగులు తుడిచే గుడ్డల్లో పడేసింది. "మేడ మీద నా పక్క గది ఖాళీగానే ఉంది, విన్నావా?" అని మళ్లీ కనురెప్ప మీదికి వంగింది.

ఫుమియే తన బల్ల దగ్గర కూర్చుంది. నియమం నియమమే. ఒప్పుకోలు పత్రంలో రాసిన నంబరుకు ఫోను చేసింది. ఖాళీ ఇంట్లో, చెమ్మపట్టిన చాపల మధ్య, తన ఫోను మోగుతూ ఉంటే విన్నది. ఈ బల్ల మీదినుంచి ఇప్పటిదాకా నలభై మంది ఆడవాళ్లకి ఫోను చేసింది. ఒకావిడ నవ్వింది. దాదాపు అందరూ ముందు ఒకటే అడిగారు, ఆయన ఏమన్నారు అని. తర్వాత సరే అన్నారు. తనవైపునుంచి తను ఎప్పుడూ ఇంకోసారి అడగలేదు, వాళ్లు ఏది చెబితే అది రాసి ముద్ర కొట్టింది. అది తలుచుకుంటే సిగ్గేసింది. ఫోను పదిహేనుసార్లు మోగింది. ఎత్తేవాళ్లెవరూ లేరు.

ఫోను పెట్టేసింది. నాలుగో పేజీ తిప్పి, ముఖం ఎవరిదో వారి జవాబు అన్న గడి దగ్గర కలం పెట్టింది. ఆయన ఏమన్నారో ఆమెకు తెలుసు. ఆ సంగతి పక్కనపెట్టి, ఆ ముఖం గల ఆవిడనే అడిగింది. ఒకసారి కాదు, రెండుసార్లు అడిగింది.

తర్వాత తేదీ వేసి, రైలు టికెట్టును కాగితాలకు పిన్ను పెట్టి, తిరుగు కవరు మీద మసానొరి పేరు రాసింది. తండ్రి ఇచ్చిన ముద్రను ఎర్ర సిరాలో అద్ది, గట్టిగా ఒత్తింది. పైన గడిలో ఇలా ఉంది:

"ఈ రోజు ఉదయం పది గంటలకు ఆవిడను స్వయంగా కలిసి అడిగాను. ఆవిడను ఎవరైనా అడగడం ఇదే మొదటిసారిట. వద్దంది."