చేపల నౌకరి

పొద్దున ఆరున్నరకు రేవణసిద్ధప్ప గాజు తొట్టిలోకి వంగి లెక్కపెట్టాడు. నిన్న వేసినవి ఆరు. ఐదు తెల్లటి పొట్టలు పైకి పెట్టి తేలుతున్నాయి. ఆరోది నీటి అంచుకొచ్చి నోరు తెరుస్తూ మూస్తూ ఉంది. అది కూడా ఆగిపోయేదాకా నిలబడ్డాడు. తర్వాత ఆరింటినీ చేత్తో ఏరి డబ్బాలో వేశాడు, కుండలోంచి కొత్త ఆరు పరక చేపల్ని తొట్టిలో వదిలాడు, పంపుగది వెనక గోడ మీద బొగ్గుముక్కతో ఆరు గీతలు గీశాడు. ఆ రోజుకి అసలు పని అయిపోయింది.

జహీరాబాద్ దాటి బొంబాయి రోడ్డు మీద మూడు కిలోమీటర్లు పోతే మక్కజొన్నల నుంచి గంజిపొడి తీసే ఫ్యాక్టరీ అది. లారీ డ్రైవర్లు బోర్డు చదవక్కర్లేదు, పులిసిన వాసనే చెప్పేది. భోపాల్ జరిగిన మరుసటి ఏడాది ప్రతి ఫ్యాక్టరీ మీదా కాలుష్యం బోర్డు వాళ్ల కన్ను పడింది. అప్పుడు మేనేజర్ మదన్‌మోహన్‌కి ఒక ఆలోచన తట్టింది. మురికినీరు గుంటలన్నీ దాటి వాగులోకి పోయే చోట ఈ గాజు తొట్టి కట్టించి, మీద 'ఈ నీటిలో చేపలు బతుకుతాయి' అని నీలిరంగుతో రాయించాడు.

చేపలు మాత్రం బతకలేదు. బతకాలంటే చివరి గుంటలో పెద్ద ఫ్యాన్ మోటారు రాత్రీపగలూ తిరిగి నీటికి గాలి పట్టించాలి. దానికి కరెంటు ఖర్చని ఆపేసి ఉంచేవారు. నెలకోసారి బోర్డు జీపు పరీక్షకు నీళ్లు పట్టుకుపోవడానికి వచ్చే రోజు మాత్రమే తిప్పేవారు. మిగతా రోజుల్లో చచ్చినవాటిని తీసి కొత్తవి వేసే మనిషి కావలసి వచ్చాడు. చేపలు తినేవాణ్ణి పెడితే మూటగట్టి ఇంటికి తీసుకుపోతాడని మదన్‌మోహన్ లెక్క. ఏడు తరాలుగా నీచు ముట్టని ఇల్లు ఎవరిదని వెతికితే లింగాయతు రేవణసిద్ధప్ప కనిపించాడు.

చేపలమ్మే నర్సింలు అది విని గంప కిందికి దించి మరీ నవ్వాడు. కూరగాయలు తినెటోనికి చేపల నౌకరి ఇచ్చినోడు ఎవడో గాని మొనగాడు అన్నాడు.

మొదటి వారం సిద్ధప్పకు అన్నం సయించలేదు. చేపను పట్టే ముందు మెడలోని లింగకాయను దారంతో సహా వీపు వైపుకు తిప్పుకునేవాడు, అది చూడకూడదని. సాయంత్రం ఇంటికొస్తే భార్య మహాదేవమ్మ వాకిట్లోనే రెండు బిందెల నీళ్లు పెట్టి ఉంచేది. తలమీంచి పోసుకుంటేనే గడప లోపలికి. రెండు నెలలయ్యేసరికి అన్నం సయించింది. ఆ తర్వాత చేయి కూడా జంకడం మానేసింది. పరక చేప జారినా, రాయి జారినా ఒకటే. లింగకాయను తిప్పడం కొన్నిసార్లు మరిచిపోయేవాడు. కొన్నిసార్లు తిప్పి, ముందుకు తెచ్చుకోవడం మరిచిపోయేవాడు.

గోడ మీది గీతలు మాత్రం మరవలేదు. ఎప్పటికైనా ఝరాసంగం పోయి సంగమేశ్వరుడి ముందు నిలబడి ఇన్ని ప్రాణాలు నా చేతుల మీదుగా పోయినయని చెప్పుకోవాలని మొదటి రోజే అనుకున్నాడు. దేవుడికి చెప్పే లెక్క గనక ఒక్కటి తగ్గించి గీసే ప్రశ్నే లేదు. రోజుకొక వరుస. మోటారు తిరిగి చేపలు చావని రోజున ఒక సున్న.

ఇదంతా దేనికి భరిస్తున్నాడంటే ఒక్క కాగితం కోసం. ఫ్యాక్టరీ గుంటలు తవ్వింది అతని రెండెకరాల్లోనే. భూమికి బదులు పర్మినెంటు నౌకరి అని డెబ్బై తొమ్మిదిలో మాటిచ్చారు. ఏడేళ్లయినా రోజుకూలీ పట్టీలోనే ఉన్నాడు. అడిగినప్పుడల్లా మదన్‌మోహన్, బోర్డు అనుమతి రానీ, నీ పేరే మొదటిది అనేవాడు.

ఎనభై ఆరు ఫిబ్రవరిలో అనుమతి కోసం తనిఖీ ఖాయమైంది. బుధవారం. సోమవారం నాడు మోటారు స్విచ్ వేస్తే కమురు వాసనొచ్చి ఆగిపోయింది. నెలకొక్క రోజే తిరిగి మిగతా రోజులన్నీ ఆగి బిగుసుకుపోయిన మోటారు, లోపలి తీగ కాలిపోయింది. హైదరాబాద్ పంపితే వారం పడుతుందన్నారు.

మదన్‌మోహన్ సిద్ధప్పను ఆఫీసులోకి పిలిచి తలుపు వేశాడు. సొరుగులోంచి టైపు కొట్టిన కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. రేవణసిద్ధప్ప పేరు ఉంది. సంతకం లేదు.

"బుధవారం దాకా తొట్టిల చేపలు బతికుండాలె సిద్దప్పా. ఎట్ల జేస్తవో నాకు తెల్వదు. బతికినయంటే గీ కాగితం మీద దస్తకత్ జేస్త."

సిద్ధప్ప నేరుగా బజారుకు పోయి నర్సింలును పట్టుకున్నాడు. మురికినీళ్లలో చావని చేప ఏదన్నా ఉందా అని అడిగాడు.

"గిన్ని నెలల్ల నన్ను ఒక్కమాట అడగకపోతివి," అన్నాడు నర్సింలు. "కొర్రమట్ట పట్కపో. అది నీళ్లల్ల ఊపిరి పీల్చదు, మూతి పైకి బెట్టి మన తీరుగ గాలి పీలుస్తది. నీ గుంటలనే గాదు, బురదల గూడ బతుకుతది."

నల్లగా నిగనిగలాడే మూడు కొర్రమట్టల్ని తొట్టిలో వేశాడు. మంగళవారం బతికాయి. బుధవారం పొద్దున కూడా బతికే ఉన్నాయి. ఏడేళ్ల తర్వాత ఆ కాగితం చేతి దూరంలోకి వచ్చింది. సంతోషం వస్తుందేమోనని కాసేపు చూశాడు. రాలేదు.

పది గంటలకు జీపు వచ్చింది. ఎప్పుడూ వచ్చే ముసలాయన కాదు, సుమిత్ర అనే కొత్త ఇంజినీరు. ముప్పై లోపే ఉంటుంది. రిజిస్టర్లు తిరగేసింది. నీళ్లు ప్రతిరోజూ మంచివే, రాత ప్రతిరోజూ ఒకటే, సిరా కూడా ఒకటే. తొట్టి దగ్గరికి వచ్చి నీలిరంగు అక్షరాలు చదివి, చేపల్ని చూసి చిన్నగా నవ్వింది.

"మా నాయిన చేపలు పట్టేటోడే సార్," అంది మదన్‌మోహన్‌తో. "కొర్రమట్టను జూపెట్టి నీళ్లు మంచిగున్నయంటే ఆయన గూడ నవ్వుతడు."

అక్కణ్నుంచి ఆమె ఆఫీసుకు పోలేదు. గుంటల వెంట నడిచింది, కాలిన మోటారు మీద చేయి పెట్టి చూసింది, పంపుగది చుట్టూ తిరిగింది. వెనక గోడ ముందు ఆగింది. చూరు కింది నుంచి మోకాలి ఎత్తు దాకా గీతలే.

ఇవేమిటని అడిగింది. మదన్‌మోహన్ వెంటనే, మక్కల బస్తాల లెక్క అన్నాడు. ఆమె సిద్ధప్ప వైపు తిరిగి మళ్లీ అడిగింది.

బస్తాలే అనాలనుకున్నాడు. చిన్న మాట. అబద్ధాలకు అతనేం కొత్త కాదు, ఎనిమిది నెలలుగా చేస్తున్న నౌకరే అబద్ధం. కానీ గోడ మీది లెక్క ఆమెది కాదు, మేనేజర్‌ది కాదు. దాన్ని బస్తాలంటే రేపు ఝరాసంగంలో ఏమని చెప్పాలి?

"చేపలమ్మా," అన్నాడు. "సచ్చినయి. పదకొండు నూర్ల ఎనభై రెండు."

"గీ సున్నలేంది?"

"గా దినాలు మోటారు నడిచింది."

ఆమె డైరీ తీసి పాత తనిఖీల తేదీల మీద వేలు పెట్టి సరిచూసుకుంది. ఎనిమిది సున్నలు. బోర్డు జీపు వచ్చినవి ఎనిమిది రోజులు. డైరీ మూసేసింది. అనుమతి ఆపేస్తున్నానని, మూడు నెలల్లో పద్ధతి మారకపోతే గేటుకు తాళమేనని అక్కడే చెప్పి జీపెక్కింది.

మదన్‌మోహన్ అరవలేదు. రేపట్నుంచి రావద్దని సిద్ధప్పకు వాచ్‌మన్‌తో చెప్పించాడు. కొర్రమట్టలు మూడూ మధ్యాహ్నానికి మేనేజర్ ఇంట్లో పులుసయ్యాయి. అది తెలిసి సిద్ధప్ప పోయేముందు గోడ దగ్గరికి వెళ్లి మూడు గీతలు గీశాడు.

ఆ మూడు నెలలు కోహీర్ దగ్గర అల్లం తోటల్లో కూలికి పోయాడు. ఒక ఆదివారం ఝరాసంగం పోయి పదకొండు నూర్ల ఎనభై ఐదు అని చెప్పాడు. చెప్పాక ఏదో దిగిపోతుందనుకున్నాడు. గుండం మెట్ల మీద చాలాసేపు కూర్చుని, ఏమీ దిగక బస్సెక్కి వచ్చేశాడు.

ఫ్యాక్టరీలో మాత్రం చాలా మారింది. తాళం భయం పట్టుకున్నాక మదన్‌మోహన్ పని చేయగల మనిషే. మోటారు ఏ వేళకు ఎవరు వేయాలి, ఎవరు చూడాలి, ఆగిపోతే ఎవరికి చెప్పాలి, వాళ్లు చేయకపోతే పైన ఎవరిని అడగాలి, అన్నీ పేర్లతో సహా కాగితం మీద పెట్టి గోడలకు అంటించాడు. లెక్క రాసేవాడు పర్మినెంటు మనిషై ఉండాలని, రోజుకూలీ సంతకం చెల్లదని కూడా అందులోనే రాశాడు. ప్రతి శనివారం తనే గుంటలన్నీ తిరిగేవాడు. భయంతో మొదలుపెట్టిన పనిలో లాభం కనపడింది. ఇంతకుముందు వాగును పూడ్చేసిన మడ్డి ఇప్పుడు గుంటలోనే పేరుకుంటే, బర్రెలకు మేతగా కోహీర్ నుంచి బండ్లు కట్టుకొచ్చి తీసుకుపోయారు. చెరుకు రైతులు నీళ్లు అడగసాగారు. వాగు చెడిందని తహసీల్ ఆఫీసుకు పోయే అర్జీలు ఆగిపోయాయి. మదన్‌మోహన్ 'మన పద్ధతి' అనడం నేర్చుకున్నాడు. బోర్డు వాళ్లొస్తారని ఫ్యాక్టరీ అంతటికీ సున్నం వేయించాడు. పంపుగదికి కూడా.

మే నెలలో సుమిత్ర వచ్చింది. అన్నీ చూసింది, బాగుందంది. తర్వాత, ముందరి లెక్క ఏదని అడిగింది. పాత రిజిస్టర్లు చూపిస్తే పక్కకు నెట్టేసింది.

"ఇంతకముందు ఎంత చెడ్డగుండెనో రాయకుంట, ఇప్పుడెంత బాగుపడ్డదో ఎట్ల జెప్తరు సార్? ఇక్కడ నిజం లెక్క ఒక్కటే ఉండె. ఆ గోడ ఏది?"

గోడ తెల్లగా మెరుస్తోంది.

గంటలో ఫ్యాక్టరీ జీపు అల్లం తోట గట్టున ఆగింది. సిద్ధప్ప చేతులు కడుక్కోకుండానే ఎక్కాడు. పంపుగది దగ్గర దిగి సున్నాన్ని గోటితో గీకి చూశాడు. పలచటి పూత. గుంటలోంచి బకెట్‌తో నీళ్లు తెచ్చి గోడ మీద కొట్టాడు. ఇంకో బకెట్. తడిసిన సున్నం గాజులా అయింది. దాని కిందినుంచి గీతలు ఒక్కో వరుసా నల్లగా పైకి తేలాయి, చివరి మూడింటితో సహా.

తడి ఆరేలోపు సుమిత్ర గబగబా రాసుకుంది. గోడ చివర ఆరుతుంటే సిద్ధప్ప మళ్లీ మళ్లీ తడిపాడు. పూర్తయ్యాక కాగితాన్ని అతని వైపు జరిపి సంతకం పెట్టమంది. సిద్ధప్ప బీదర్‌లో మూడు తరగతులు చదివినవాడు. కన్నడ అక్షరాల్లో పేరు రాశాడు.

"పేరు కింద హోదా గూడ ఉండాలె సార్," అంది మదన్‌మోహన్‌తో. "గోడకు అంటించిన కాగితంల మీరే రాసిన్రు గద, లెక్క రాసెటోడు పర్మినెంటు మనిషి గావాలె అని. రోజుకూలీ సంతకం చెల్లదని."

మదన్‌మోహన్ ఆమెను చూశాడు, సిద్ధప్పను చూశాడు, గోడను చూశాడు. ఆఫీసుకు పోయి సొరుగులోని కాగితంతో తిరిగొచ్చాడు. జీపు బానెట్ మీద పెట్టి సంతకం చేశాడు.

"గిదన్న సంబురంగ తీస్కో," అన్నాడు.

సిద్ధప్ప తీసుకున్నాడు. మడిచి జేబులో పెట్టుకున్నాడు. తొట్టిలో ఆరు పరకలు చుట్టూ తిరుగుతున్నాయి, వారం కిందట వేసినవేనట.

సాయంత్రం కాగితాన్ని మహాదేవమ్మ చేతిలో పెట్టాడు. ఆమె చదవలేకపోయినా రెండు వైపులా తిప్పి చూసి కళ్లకద్దుకుని లోపలికి పోయింది. అతను వాకిట్లో, బిందెలు ఉండే చోట నిలబడ్డాడు. చాలాసేపటికి ఆమె గడపలోకి వచ్చింది.

"ఆడ్నే నిలవడ్డవేంది?"

"నీళ్లు."

"ఇయాల సచ్చినయా?"

"లేదు."

"మరి లోపలికి రా."

మాట అర్థమైంది. కాళ్లు కదల్లేదు. మెడలో దారం ఒరుసుకుంటే చేయి పెట్టి చూసుకున్నాడు. లింగకాయ వీపు మీదే ఉంది. ఎప్పట్నుంచి అక్కడుందో గుర్తు రాలేదు.

మహాదేవమ్మ లోపలికి పోయి ఒక బిందె నింపుకుని తెచ్చి అతని ముందు పెట్టింది.