సోమవారం వానలు

అయినా నీళ్లు ఎక్కడికీ పోలేదు కదా, ఆదివారం పడ్డవి సోమవారం కొలిచింది, అంతే కదా, నెలాఖరున కూడితే మొత్తం సరిగ్గానే వస్తుంది. గుంటూరు నుంచి అద్దంకి వచ్చే బస్సులో మొదలైన ఈ మాటను రెబ్కా మూడు రోజులుగా తనకు తానే చెప్పుకుంటోంది. ఎవరూ అడగని ప్రశ్నకు జవాబు చెప్పుకోవడం ఆమెకు అలవాటే. ఒక్క మనిషే ఉండే ఇంట్లో వాదనలు ఎక్కువ.

మిషన్ స్కూలు ఆవరణలో రెయిన్‌గేజి ఉంది. పదకొండేళ్లుగా రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు అందులోని నీళ్లు కొలిచి రిజిస్టరులో రాయడం సైన్సు టీచరుగా ఆమె పని. ఆదివారం ఆ వేళకు ఆమె ఊరి అవతల చర్చిలో సండే స్కూలు చెబుతూ ఉంటుంది. గడి ఖాళీగా ఉంటే పైనుంచి మెమో వస్తుంది. అందుకని సున్నా వేసేది. నీళ్లు మర్నాడు కొలిచేది.

మూడు రోజుల కిందట గుంటూరులో వాన కొలిచేవాళ్లకు ఒక్కరోజు క్లాసు పెట్టారు. లెక్చరరు బొగ్గుపులుసు వాయువు గురించి చెప్పాడు. ఎండకు కాగిన నేల ఆ వేడిని తిరిగి ఆకాశంలోకి వదులుతుందట, ఈ వాయువు అందులో కొంత పట్టి మళ్లీ కిందికి పంపుతుందట. బొగ్గూ పెట్రోలూ కాల్చేకొద్దీ అది పెరుగుతోందట. సున్నపుతేటలోకి ఊదితే తెల్లబడుతుందని ఇరవై ఏళ్లుగా పిల్లలకు చూపిస్తున్న వాయువు గురించి ఆమెకు ఈ సంగతి తెలియదు. వేడెక్కిన గాలి ఎక్కువ తేమ మోస్తుంది, వాన ఒక్కసారే కుండపోతగా పడొచ్చు. కానీ ఒక ఏడాది చూసి ఏమీ చెప్పలేం, ముప్పై ఏళ్ల రోజువారీ అంకెలు కావాలి అన్నాడు.

అని, ఆమె రిజిస్టరు ఎత్తి అందరికీ చూపించాడు. ఒక్క గడి కూడా ఖాళీ లేదు. కిందటి నవంబరులో ఒక సోమవారం ఒక్కరోజే నూటపద్దెనిమిది మిల్లీమీటర్లు. ఆ అంకెను తన పుస్తకంలో రాసుకుని, నకలు తీయించడానికి రిజిస్టరు వచ్చే వారం పంపమన్నాడు.

తన చేతిరాతను ఒకరు చదివారు. ఆ సంతోషం ఎంత పెద్దదో తలుచుకుంటే ఆమెకు సిగ్గేసింది.

మూడో రోజు సాయంత్రం ఇంటి గోడ అవతల కల్లంలో రైతు చెంచయ్య మిరపకాయలు తిరగేస్తున్నాడు. రెబ్కా గోడ దగ్గర నిలబడి, రాత్రికి మంచు పడుతుందా అని అడిగింది.

“ఆకాశం తేటగా ఉందిగదండీ, పడుద్ది. పట్టా కప్పాల్సిందే. మబ్బు పట్టిన రేత్రయితే ఉక్కగా ఉంటది, కాయ తడవదు.”

మబ్బు చేసే పనే ఆ వాయువూ చేస్తుందన్నమాట. నేల వదిలిన వేడిని పోనివ్వదు. క్లాసులో సగమే అర్థమైనది ఇక్కడ పూర్తయింది.

“ఆ గేజీని కాయలు ఎండేదాకా బోర్లించి పెట్టండి టీచరుగారూ,” అని నవ్వాడు. “పత్తికి తగిలిన దెబ్బ చాలు.”

“నవంబరులో, సోమవారం వానకేనా?”

“సోమవారం ఏందండీ? సోమవారం ఎండ కాసింది. ఆదివారమేగా! తెల్లారుజామున ఒక వాన. తడిసిన పత్తి తెచ్చి ఆరబోస్తే, మాపటేళ మళ్లీ ఇంకోటి. ఎట్టా మర్చిపోతా?”

ఆమె గదిలోకి వచ్చి కూర్చుంది. తెల్లారుజాము వాన ఆదివారం ఎనిమిదిన్నర కొలతలోకి, మాపటి వాన సోమవారం కొలతలోకి విడివిడిగా రావలసినవి. అతని పత్తిని ముంచిన ఆ రెండు వానలు తన రిజిస్టరులో ఒకే కుండపోత అయ్యాయి. ఎప్పుడూ పడని ఆ వాన ముప్పై ఏళ్ల అంకెల్లో చేరబోతోంది. చెబితే లెక్చరరు ఆ అంకె కొట్టేస్తాడు. గేజి ఇంకో స్కూలుకు పోవచ్చు. అప్పుడు తను రాసింది చదివేవాళ్లు ఎక్కడా ఉండరు. చెప్పకపోతే చదువుతూనే ఉంటారు, తను చూడనిదాన్ని.

నవంబరు పేజీ తీసింది. ఎర్ర సిరా పెన్నుతో ఆ ఆదివారం గడిలోని సున్నాను అడ్డంగా కొట్టేసి, పక్కన ‘ఈ రోజు చూడలేదు’ అని రాసింది.