నీలం రంగు ట్యాంకు

మా ఆయన చొక్కా జేబులో ఎప్పుడూ ఒక అయస్కాంతం ఉంటుంది. పాడైపోయిన రేడియో స్పీకరులోంచి తీసింది. గారెలాగా మధ్యలో చిల్లు. కారు రంగు మీద గీత పడకుండా దానికి మెత్తటి గుడ్డ చుట్టి కుట్టింది నేనే. పెయింటింగుకి వచ్చిన ప్రతి కారునీ ముందు దానితో తడుముతారాయన. ఇనుప రేకు ఉన్నచోట అది అతుక్కుంటుంది. రేకు తుప్పుపట్టి పోయినచోట ఎవరైనా పుట్టీ పూసి పైన రంగు కొట్టి ఉంటే మాత్రం జారి కింద పడుతుంది. అంత జాగ్రత్త గల ఇనాయతుల్లా గారు, మా ఇంటి గోడ పక్కన పెట్టబోయే యంత్రం దగ్గర మాత్రం ఆ అయస్కాంతాన్ని జేబులోంచి బయటికి తియ్యలేదు.

ఆయన చాలా ఏళ్ళు తాడేపల్లిగూడెంలో ఒకరి షెడ్డులో పనిచేశారు. ఇక ఏలూరులో మా ఇంటి వెనక రేకుల పంచలోనే సొంతంగా కార్లకు రంగు వేస్తానన్నారు. నాకూ సంబరమే. పుట్టీ ఆరాక తడిపిన గరుకు కాగితంతో రుద్ది నున్నగా చెయ్యడం నాకు వచ్చు, ఆ పని నాది. స్ప్రే గన్ ఉంది, పనితనం ఉంది. లేనిదల్లా గాలి, అంటే కంప్రెసర్.

పవరుపేటలో కంప్రెసర్లు అమ్మే సుందరరావు గారు మమ్మల్ని కూర్చోబెట్టి ఓపిగ్గా చెప్పారు. "టైర్లకి గాలి కొట్టుకోడానికైతే ఈ చిన్నది చాలండి. కారు పెయింటింగంటే గన్ను గాలి తెగ తాగేస్తుందండి. ట్యాంకు చిన్నదైతే సగం డోరు కొట్టేసరికి ప్రెషర్ పడిపోద్ది. మీరు ఆగాలి, అది నిండాలి, మళ్ళీ కొట్టాలి. అతుకు వేసినట్టు కనపడిపోద్దండి. ఏది కొన్నా సరే, రోజూ పనయ్యాక ట్యాంకు అడుగున ఈ కుళాయి తిప్పి నీళ్ళు వదిలెయ్యండి. మన కొల్లేటి గాలంతా తేమే కదండీ. ఆ నీళ్ళు లోపలే ఉంటే ట్యాంకు తుప్పు పట్టి, ఓ రోజు బాంబే."

ఆ మాటకి నాకు పాత సంగతి గుర్తొచ్చింది. మా అన్న వసీమ్ కామవరపుకోట రోడ్డులో పంక్చర్ షాపు నడిపేవాడు. ఒకరోజు ట్యాంకు పేలింది. పైకప్పు రేకు ఎగిరి రోడ్డవతల పొలంలో పడింది. అన్న బతికాడు గానీ ఒక చెవి పోయింది, కుడిచేతికి మూడు వేళ్ళే మిగిలాయి. మా వదిన ఇప్పటికీ భోజనానికి మా అన్న ఎడమ చేతి పక్కనే పళ్ళెం పెడుతుంది.

"చిన్నదైనా కొత్తది కొనండి" అన్నాను.

"పాము కరిచినవాడికి తాడు చూసినా భయమే" అని నవ్వేశారు మా ఆయన. పెద్దది కొత్తది కొనడం మా వల్ల కాదు. చిన్నది ఆయన పనితనానికి చాలదు. అందుకని పాత పెద్దది వెతకడం మొదలుపెట్టారు.

అది కొల్లేటికోటలో దొరికింది. ఆ ఏడాదే కొల్లేరు సరస్సులో చేపల చెరువుల గట్లు ప్రభుత్వం వాళ్ళు పగలగొట్టించారు. సత్యనారాయణమూర్తి గారి చెరువులన్నీ ఆ దెబ్బకే పోయాయి. చేపల లారీల టైర్లకి, ఇంజన్లు కడగడానికి ఆయన వాడిన కంప్రెసర్ ఒకటి ఉందంటే నన్నూ వెంటబెట్టుకుని వెళ్ళారు. ఏనుగు పడుకున్నా గుర్రమంత ఎత్తు, అలాంటివాళ్ళ సామాను గట్టిగా ఉంటుందని దారంతా చెబుతూనే ఉన్నారు.

ట్యాంకు దూడంత ఉంది. నీలం రంగు నిగనిగలాడుతోంది. స్విచ్ వేస్తే బుద్ధిగా నిండింది. మూర్తి గారు మాకు తువ్వాలుతో కుర్చీలు తుడిచి వేశారు. ఆయన భార్య ప్రభావతి గారు టీ ఇచ్చి, వెళ్ళేటప్పుడు తీసుకెళ్ళమని కొర్రమీను చేపలు బుట్టలో పెట్టించారు.

"మీకు ఇష్టమైతేనే తీసుకోండి ఇనాయతుల్లా గారూ. బలవంతం ఏమీ లేదండి" అన్నారు మూర్తి గారు. ఖాళీ చెరువు వైపు తప్ప ఆయన ఇంకెటూ చూడటం లేదు.

మా ఆయన చెయ్యి జేబులోకి వెళ్ళింది. నేను చూస్తూనే ఉన్నాను. అది అయస్కాంతంతో వస్తుందనుకుంటే చేతిరుమాలుతో వచ్చింది. మొహం తుడుచుకుని, "అలాగేనండి, తీసుకుంటాం" అన్నారు.

దారిలో అడిగాను, ఎందుకు చూడలేదని.

"చితికిపోయిన మనిషి ఆబిదా. టీ ఇచ్చి కూర్చోబెట్టినాయన ముందు అనుమానంగా తడిమి చూస్తే ఏం బాగుంటుంది?"

మర్యాదకి పోయి ప్రాణం మీదికి తెచ్చుకోవడమంటే ఇదే. ఆ ట్యాంకు సంగతి మూర్తి గారికి తెలుసో, ఆయన కూడా అలాగే ఎవరి దగ్గరో కొన్నారో ఇప్పటికీ నాకు తెలియదు.

పంచలో దాన్ని పెట్టిన గోడకి అవతలే మా అమ్మాయి షిరీన్ చదువుకునే గది. ఆ ఏడు అది టెన్త్. బల్ల సరిగ్గా గోడకి ఆనించి ఉంటుంది. ఆ బల్లని గోడకి దూరంగా లాగమంటే, వెలుతురు చాలదని నా మీద కసిరింది. ట్యాంకు అడుగున కుళాయి తిప్పబోయాను, తిరగలేదు. దాని మీద కూడా నీలం రంగే పేరుకుపోయి ఉంది. రంగు వేసిన దగ్గర్నుంచి దాన్ని ఒక్కసారి కూడా ఎవరూ తిప్పలేదన్నమాట. ఆ మాట చెబితే, ముందు చేతిలో ఉన్న కారు పూర్తి కానీ, తర్వాత విప్పుతాను అన్నారు.  చీపురు పట్టుకుని ఆ పక్కకి వెళ్ళడం మానేశాను.

చేతిలో ఉన్న కారు వేంకటాచలం పంతులు గారిది. చింతలపూడి దాకా పెళ్ళిళ్ళకీ వ్రతాలకీ తిరిగే తెల్ల అంబాసిడర్. మనవరాలు మేధని బడికి దింపేదీ అందులోనే. వెనక సీటు ముందు మ్యాట్ ఎత్తితే కాళ్ళు పెట్టే రేకు తుప్పుకి జల్లెడైపోయింది. మా ఆయన దాని మీద ఫైబర్ గుడ్డ పరిచి, పుట్టీ పూశారు. నేను రుద్దాను.

"రేకు వెల్డింగ్ చేయించాలి కదండీ?"

"ఆయనకి శ్రావణం పెళ్ళిళ్ళున్నాయి, ఆలస్యమైతే ఊరుకోరు. మ్యాట్ కింద ఎవరు చూస్తారు?"

"పైన పటారం, లోన లొటారం" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం.

రంగు వేసే రోజున పంతులు గారు మేధతో సహా వచ్చారు. కొత్త యంత్రానికి మంచి ఘడియ కూడా ఆయనే చూసి చెప్పారు. మా ఆయన బిస్మిల్లా అని స్విచ్ వేశారు. పంచ అంతా అదిరింది. మీటరులో ముల్లు పాకుతోంది. మేధ కారులో ఎక్కి వెనక సీట్లో ఆడుకుంటోంది. గోడవతల షిరీన్ గట్టిగా చదువుతున్న పాఠం మోటారు హోరులో వినబడటం మానేసింది.

నేనిక ఆగలేకపోయాను. ఆయన పని బట్టలు వేసుకోబట్టి చొక్కా మేకుకి వేలాడుతోంది. అయస్కాంతం తీసి, ట్యాంకు పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాను. ఇనుము వేడిగా తగిలింది. పక్కన అంటిస్తే అతుక్కుంది. పైన అతుక్కుంది. కాస్త ధైర్యం వచ్చింది. అడుగున, కుళాయి చుట్టూ అంటించాను. నా ఒళ్ళో పడింది. మళ్ళీ పెట్టాను. మళ్ళీ పడింది. జానెడు మేర అది ఎక్కడా పట్టలేదు.

దిగ్గున లేచాను. అరిచాను, నాకే వినబడలేదు. పరుగెత్తి మెయిన్ ఫ్యూజు పీకేశాను.

"పిచ్చిపట్టిందా నీకు?" పంతులు గారి ముందు ఆయన అంత గట్టిగా ఎప్పుడూ మాట్లాడలేదు. నేను అయస్కాంతం ఆయన చేతిలో పెట్టాను. ఆయన వంగి ట్యాంకు అడుగున అంటించారు. అది నేల మీద పడ్డ చప్పుడు అందరం విన్నాం.

ఆయన లేచి మీటరు చూశారు. మోటారు ఆగినా గాలి లోపలే ఉంది. కుళాయి తిరగదు. గన్ను గుండా వదలడం ఒక్కటే దారి.

"పిల్లల్ని తీసుకుని వీధిలోకి పో. పంతులు గారూ, మీరు కూడా. పరుగెత్తొద్దు, దేన్నీ తగలొద్దు."

"మీరో?"

"ఎవరో ఒకరు గన్ను నొక్కాలి కదా. పో ఆబిదా."

గొట్టం పొడుగున్నంత దూరం లాగి, కారు వెనక నక్కి గన్ను నొక్కారు. నేను షిరీన్ రెక్క పట్టుకుని ఈడ్చుకొచ్చాను. పంతులు గారు మేధని చంకనెత్తుకున్నారు. వీధిలో నిలబడితే బుస్సుమని ఒకటే శబ్దం. ఆ శబ్దం ఉన్నంతసేపూ ఆయన ఉన్నట్టు. నా నోట్లో కలిమా తప్ప మాట లేదు. పక్కన పంతులు గారి పెదవులు కూడా కదులుతున్నాయి. శబ్దం సన్నబడింది. ఆగిపోయింది.  షిరీనే ముందు లోపలికి పరుగెత్తింది.

ఆయన బతికే ఉన్నారు. ముల్లు సున్నా దగ్గరుంది. పుట్టీ పూసే రేకు తీసుకుని ట్యాంకు అడుగున గీకుతున్నారు. నీలం రంగు, దాని కింద పుట్టీ పెచ్చులుగా ఊడిపడ్డాయి. కాస్త నొక్కగానే పుట్టీ రేకు అప్పడంలోకి దిగినట్టు లోపలికి దిగిపోయింది. ఎర్రటి నీళ్ళు కారి ఆయన పాదాలు తడిశాయి.

"గండం గడిచిందయ్యా" అన్నారు పంతులు గారు. "కారు రంగు సంగతి తర్వాత చూద్దాం. మేధా, ఎక్కు తల్లీ, ఇలాగే తీసుకెళ్ళిపోదాం."

మేధ వెనక డోరు తీసి, ఒక కాలు లోపల పెట్టబోయింది.

"ఎక్కకమ్మా!"

మా ఆయన కేకకి పిల్ల అక్కడే బిగుసుకుపోయింది. ఆయన వచ్చి దాన్ని పక్కకి జరిపి, మ్యాట్ లాగి అవతల పారేశారు. తను పూసిన పుట్టీ మీద, నేను నున్నగా రుద్దిన చోట, అయస్కాంతం పెట్టారు. రెండు వేళ్ళతో తీస్తే ఏ పట్టూ లేకుండా చేతిలోకి వచ్చేసింది.

"పంతులు గారూ, ఇక్కడ రేకు లేదండి. నేనే కప్పేశాను."

 పంతులు గారు వంగి ఆ తెల్లటి నున్నటి చోటుని వేలితో తట్టి చూశారు. తర్వాత మేధ చెయ్యి పట్టుకుని, కారు అక్కడే వదిలేసి, నడిచి ఇంటికి వెళ్ళిపోయారు.